జహాంగీర్

జహాంగీర్ (ఆగష్టు 31, 1569 - అక్టోబరు 28, 1627) మొఘల్ చక్రవర్తులలో నాలుగవవాడు. అసలు పేరు నూరుద్దీన్ మహమ్మద్ సలీం. అక్బర్ కుమారుడు, షాజహాన్ తండ్రి. 1605 నుండి 1627 వరకు ఇరవైరెండు సంవత్సరాలు పాలించాడు. న్యాయ గంటతోను, నూర్జహాన్‌తోను, చిత్రకళతోను ఇతని పేరు ముడిపడి ఉన్నది. వీటికంటే తక్కువగా తెలిసిన విషయం ఒకటున్నది. జహాంగీర్ గొప్ప ప్రకృతి పరిశీలకుడు. తాను చూసిన జంతువులను, పక్షులను, పూలను గురించి తన చేతితో వ్రాసిపెట్టుకున్నాడు. అదే సమయంలో వేల సంఖ్యలో ప్రాణులను వేటాడాడు. చంపిన లెక్కలూ, పెంచిన ప్రాణుల వివరాలూ ఒకే గ్రంథంలో ఉండటం వలన ఇతని ఆత్మకథ భారతదేశ వన్యప్రాణి చరిత్రకు ఒక ముఖ్య ఆధారమైనది.

జననం, బాల్యం

జహాంగీర్ ఫతేపూర్ సిక్రీలో జన్మించాడు. తల్లి మరియమ్-ఉజ్-జమానీ, ఆమేర్ రాజు భార్‌మల్ కుమార్తె. చాలాకాలం మగసంతానం నిలవక అక్బర్ సిక్రీలోని సూఫీ సాధువు షేక్ సలీం చిష్తీని ఆశ్రయించాడు. ఆయన ఆశీర్వాద ఫలమని భావించి బిడ్డకు ఆయన పేరే పెట్టారు.

ఇతడు గర్భంలో ఉన్నపుడు ఒక శుక్రవారం బిడ్డ కదలిక ఆగిపోయిందట. ఆ సమయంలో చీతాలతో వేటాడుతున్న అక్బర్, బిడ్డ బ్రతికితే ఇక శుక్రవారాలలో చీతాలతో వేటాడనని మ్రొక్కుకున్నాడు. ఆ మ్రొక్కును తండ్రి జీవితాంతం పాటించాడనీ, తానూ పాటించాననీ జహాంగీర్ వ్రాసుకున్నాడు. వేట, దానిని మానుకోవాలనే మ్రొక్కు, ఈ రెండూ పుట్టకముందే ఇతని జీవితంలో ప్రవేశించినట్లు కనిపిస్తుంది.

అక్బర్‌కు చదవడం, వ్రాయడం రాకపోయినా కుమారునికి మంచి విద్య చెప్పించాడు. సలీంకు సంరక్షక గురువుగా నియమితుడైన అబ్దుర్రహీం ఖాన్-ఇ-ఖానాన్, బాబర్ ఆత్మకథ బాబర్‌నామాను తుర్కీ నుండి పారశీకంలోకి 1589లో అనువదించాడు. హిందుస్థానంలోని జంతువులను, పక్షులను, చెట్లను బాబర్ ఆ గ్రంథంలో వరుసగా వర్ణించాడు. జహాంగీర్ ముత్తాత గ్రంథాన్ని తుర్కీలోనే చదువగలిగేవాడు. చూసినదానిని చూసినట్లు వ్రాసే పద్ధతి ఇతనికి వారసత్వంగా వచ్చిందనవచ్చును.

రాజ్యపాలన

యువరాజుగా ఉండగా 1600లో తండ్రిపై తిరుగుబాటు చేసి అలహాబాదులో స్వతంత్రంగా కొలువు నడిపాడు. 1604 నాటికి తండ్రీకొడుకుల మధ్య సయోధ్య కుదిరింది. 1605 అక్టోబరులో అక్బర్ మరణించగా నవంబరు 3న ఆగ్రాలో సింహాసనమెక్కి జహాంగీర్ (ప్రపంచాన్ని గెలిచినవాడు) అనే బిరుదు ధరించాడు. మరుసటి ఏడే పెద్దకుమారుడు ఖుస్రో తిరుగుబాటు చేయగా దానిని క్రూరంగా అణచివేశాడు. అతనికి సహాయపడ్డాడనే అభియోగంపై సిక్కుల అయిదవ గురువు అర్జున్ దేవ్ 1606లో మరణశిక్షకు గురయ్యాడు. 1611లో నూర్జహాన్‌ను వివాహమాడాడు. ఆ తరువాతి కాలంలో రాజ్యవ్యవహారాలలో ఆమె ప్రాబల్యం పెరిగింది. ఇంగ్లాండు రాజు రాయబారిగా సర్ థామస్ రో 1615 నుండి 1619 వరకు భారతదేశంలో ఉన్నాడు.

పట్టాభిషేక సమయంలో జారీచేసిన పన్నెండు ఆజ్ఞలలో జంతువధకు సంబంధించినది ఒకటి. తాను సింహాసనమెక్కిన గురువారం, తండ్రి జన్మించిన ఆదివారం, ఈ రెండు దినాలలో జంతువులను వధించరాదని అందులో ఉన్నది.

జహాంగీర్‌నామా

ఇతని ఆత్మకథను తుజుక్-ఇ-జహాంగీరీ అనీ, జహాంగీర్‌నామా అనీ అంటారు. ఇది పారశీక భాషలో ఉన్నది. సంవత్సరాల వారీగా, చాలాచోట్ల తేదీలవారీగా సాగే దినచర్య ఇది. ఉద్యోగుల నియామకాలు, కానుకలు, యుద్ధవార్తల మధ్యనే ఆ రోజు చూసిన పక్షి, వేటాడిన జంతువు, దాని కొలత, తూకం కనిపిస్తాయి. మొదటి పన్నెండు సంవత్సరాల భాగాన్ని 1618లో ఒక సంపుటంగా కుట్టించి ప్రతులు వ్రాయించాడు. మొదటి ప్రతిని కుమారుడు షాజహాన్‌కు ఇచ్చాడు.

పరిపాలన పదిహేడవ సంవత్సరం (1622) వరకు చక్రవర్తి స్వయంగా వ్రాశాడు. అనారోగ్యం వలన చేయి సహకరించకపోవడంతో ఆ బాధ్యతను ముతమిద్ ఖాన్‌కు అప్పగించాడు. అతడు వ్రాసినదానిని చక్రవర్తి సరిచూసేవాడు. ఈ విధంగా 1624 వరకు రచన సాగింది. మిగిలిన సంవత్సరాల వృత్తాంతాన్ని 18వ శతాబ్దంలో మహమ్మద్ హాదీ చేర్చాడు. అలెగ్జాండర్ రోజర్స్ చేసిన ఆంగ్లానువాదం హెన్రీ బెవరిడ్జ్ సంపాదకత్వంలో 1909, 1914లలో రెండు సంపుటాలుగా వెలువడింది. వీలర్ థాక్‌స్టన్ మరొక ఆంగ్లానువాదాన్ని 1999లో ప్రచురించాడు.

వేట

మొఘలులకు వేట కేవలం వినోదం కాదు. సైన్యానికి అది అభ్యాసం. ముందుగా తెలియజేయకుండా పల్లెల స్థితిగతులను స్వయంగా తెలుసుకోవడానికి పాలకునికి అది ఒక సాకు. కమర్‌గా అనే పద్ధతిలో వేలమంది మనుషులు విశాల ప్రదేశాన్ని చుట్టుముట్టి వలయాన్ని క్రమంగా బిగించి జంతువులను మధ్యకు తోలేవారు. శిక్షణ పొందిన చీతాలను కృష్ణజింకలపైకి, డేగలను పక్షులపైకి వదిలేవారు. జహాంగీర్‌కు తుపాకి వేట ఎక్కువ ఇష్టం.

పరిపాలన పదకొండవ సంవత్సరం ముగిసినపుడు (1617 ప్రాంతంలో) ఇతడు ఒక లెక్క తీయించాడు. పన్నెండవ ఏట నుండి, అనగా 1580 నుండి అప్పటివరకు తన సమక్షంలో వేటాడబడిన ప్రాణులు 28,532. అందులో తన చేతితో చంపినవి 17,167. వీటిలో నాలుగుకాళ్ళ జంతువులు 3,203. మిగిలిన 13,964లో 10 మొసళ్ళు తప్ప అన్నీ పక్షులే. పావురాలే 10,348, కాకులు 3,276 ఉన్నాయి. జంతువులలో 889 మనుబోతులు (నీల్‌గాయ్‌లు), 64 తోడేళ్ళు, 86 పులులు చేరి ఉన్నాయి. పులి అని ఇక్కడ అనువదించబడిన షేర్ అనే పారశీక పదాన్ని సింహానికీ పులికీ కూడా వాడేవారు. అందువలన ఈ 86 ఏ జంతువులన్న విషయంలో అనువాదకులు ఏకీభవించలేదు. ఒక పాలకుడు తాను చంపిన ప్రాణులను జాతులవారీగా లెక్కించి వ్రాసిపెట్టుకోవడం అరుదు. గుమస్తాలు ఏటా నమోదుచేసి ఉండకపోతే ఇటువంటి లెక్క సాధ్యమయ్యేది కాదు.

1610లో జరిగిన రెండు సంఘటనలు వేటలో ఇతని స్వభావాన్ని తెలియజేస్తాయి. మొదటిది బారీ పరగణాలో జరిగింది. గాయపడిన పులి చక్రవర్తి మీదికి దూకగా అనూప్ రాయ్ అనే సేవకుడు అడ్డుపడి దానితో కలబడ్డాడు. పులి అతని చేతులు నోట కరచినా వదలలేదు. యువరాజు ఖుర్రం మొదలైనవారు కత్తులతో పులిని కొట్టారు. అనూప్ రాయ్ బ్రతికాడు. చక్రవర్తి అతనికి అనీరాయ్ సింగ్‌దలన్ అనే బిరుదునిచ్చి గౌరవించాడు.

రెండవది ఇందుకు పూర్తిగా విరుద్ధమైనది. ఒక మనుబోతు గురికి అందినపుడు గుర్రపు సేవకుడొకడు, ఇద్దరు పల్లకీ బోయీలు తెలియక ఎదురుగా వచ్చారు. జంతువు బెదరి పారిపోయింది. ఆగ్రహించిన చక్రవర్తి ఆ సేవకుణ్ణి అక్కడికక్కడే చంపించాడు. బోయీల మోకాళ్ళ వెనుక నరాలు కోయించి, గాడిదలపై ఎక్కించి దండు విడిదిలో త్రిప్పించాడు. ఆ తరువాత గుర్రమెక్కి డేగలతో వేట కొనసాగించాడు. ఈ విషయం శత్రువులు వ్రాసినది కాదు. ఇతడే తన దినచర్యలో, పక్షి కొలతలు వ్రాసినంత మామూలుగా వ్రాసుకున్నాడు.

జింక స్మారకం

లాహోరుకు సమీపంలోని షేక్‌పురా ఇతనికి ఇష్టమైన వేటస్థలం. అక్కడ మన్స్‌రాజ్ అనే పెంపుడు జింక ఉండేది. పెంపుడు జింకలతో పోరాడటంలోను, అడవి జింకలను ఆకర్షించడంలోను దానికి సాటి లేదని ప్రసిద్ధి. అది చనిపోగా 1607 ప్రాంతంలో దాని జ్ఞాపకార్థం అక్కడ స్తంభం నిర్మించి శాసనం చెక్కించాడు. ఆ మైదానంలో ఎవరూ జింకలను వేటాడరాదని ఆజ్ఞాపించాడు. హిరణ్ మీనార్ అనే ఆ స్తంభం పాకిస్తాన్‌లో నేటికీ నిలిచి ఉన్నది.

జంతువుల పరిశీలన

జహాంగీర్ విన్నదానిని వెంటనే నమ్మేవాడు కాదు. వీలైనంతవరకు స్వయంగా చూసి, కొలిచి, తూచి, అవసరమైతే కోయించి తెలుసుకునేవాడు. ఇతని పరిశీలనలలో ముఖ్యమైనవి:

సారస పక్షులు (బెగ్గురు కొంగలు): నెల వయసున్న రెండు సారస పిల్లలను తెప్పించి లైలా, మజ్నూ అని పేర్లు పెట్టి అయిదేళ్ళు పెంచాడు. అవి జతకట్టే వేళ తనకు తెలియజేయమని ఆజ్ఞాపించి, కబురు రాగానే తెల్లవారుజామున వెళ్ళి చూశాడు. 1618లో గుజరాత్‌లో ఉండగా ఆడపక్షి గ్రుడ్లు పెట్టింది. మొదటి గ్రుడ్డుకూ రెండవదానికీ మధ్య రెండు రోజుల వ్యవధి ఉన్నదనీ, రాత్రంతా ఆడపక్షి పొదుగుతుంటే మగపక్షి కాపలా కాస్తుందనీ, ఉదయం మగపక్షి ముక్కుతో వీపు గోకగానే ఆడపక్షి లేచి చోటిస్తుందనీ వ్రాశాడు. 34 రోజులకు పిల్ల బయటకు వచ్చింది. మగపక్షి పిల్లను తలక్రిందులుగా పట్టుకొని తిప్పడం చూసి, చంపుతుందేమోనని మొదట వేరుచేయించాడు. అది ప్రేమతోనే అలా చేస్తున్నదని గ్రహించి మరల దగ్గరకు చేర్పించాడు. సారసాల పొదుగుకాలం నెలరోజులకు కొంచెం అటూఇటూ ఉంటుందని ఆధునిక పరిశీలకులు కూడా నమోదు చేశారు.

చీతాలు: అక్బర్ వేయి చీతాలను సేకరించినా, ఎంత ప్రయత్నించినా బంధనంలో అవి జతకట్టలేదు. 1613 ప్రాంతంలో ఒక మగచీతా మెడపట్టీ వదిలించుకొని ఆడచీతాను చేరగా, రెండున్నర నెలల తరువాత మూడు పిల్లలు పుట్టి పెరిగాయని జహాంగీర్ నమోదు చేశాడు. బంధనంలో చీతాలు పిల్లలను కనిన సంఘటన మరల 1956లో అమెరికాలోని ఫిలడెల్ఫియా జంతుప్రదర్శనశాలలో జరిగేవరకు లిఖితపూర్వకంగా తెలియదు.

ఏనుగులు: ఏనుగు గర్భకాలమెంతో తెలుసుకోవాలని పలుమార్లు ఆజ్ఞాపించి, ఆడపిల్లకు 18 నెలలు, మగపిల్లకు 19 నెలలు అని వ్రాశాడు. ఇది సుమారు 22 నెలలని నేటి శాస్త్రజ్ఞుల నిర్ణయం. చలికాలంలో చన్నీటి స్నానానికి ఏనుగులు వణకడం గమనించి, వాటికి నీళ్ళు గోరువెచ్చగా కాచి పోయాలని ఉత్తరువిచ్చాడు.

పులి ధైర్యం: పులి ధైర్యానికి కారణం శరీరంలో ఎక్కడున్నదని కోయించి చూసి, పిత్తాశయం కాలేయంలో ఇమిడి ఉండటమే కారణం కావచ్చునని భావించాడు. తోడేలును కూడా కోయించి పోల్చాడు. ఊహ శాస్త్రసమ్మతం కాకపోయినా, దానిని మరొక జంతువులో పరీక్షించి చూడటం గమనించదగినది.

కోకిల: కోకిల కాకి గూటిలో గ్రుడ్లు పెడుతుందని లోకంలో అందరూ అనుకునే మాటను అలహాబాదులో ఉండగా స్వయంగా చూశానని వ్రాశాడు.

సాలెపురుగు: 1607లో కాబూలుకు పోతూ అలీ మస్జిద్ దగ్గర ఎండ్రకాయంత సాలెపురుగు ఒక పామును గొంతు పట్టి చంపడం చూసి, ప్రయాణం ఆపి, పాము చనిపోయేవరకు నిలిచి చూశాడు.

ఇవిగాక 1620లో కాశ్మీరుకు వెళ్ళినపుడు అక్కడ కనబడని పక్షుల పేర్లను జాబితాగా వ్రాశాడు. ఒక ప్రాంతంలో ఏవి ఉన్నాయో చెప్పడం సామాన్యం. ఏవి లేవో నమోదుచేయాలంటే ఇతర ప్రాంతాల పక్షులు బాగా తెలిసి ఉండాలి.

చిత్రకారుడు మన్సూర్

మాటలతో వర్ణించినది చాలక, వింతగా కనబడిన ప్రతి ప్రాణికి చిత్రం వేయించడం ఇతని అలవాటు. బాబర్ జంతువులను వర్ణించాడు గాని చిత్రాలు వేయించలేదని, తాను ఆ పని కూడా చేస్తున్నానని వ్రాశాడు. ఆస్థాన చిత్రకారులలో జంతువులను, పూలను చిత్రించడంలో అగ్రగణ్యుడు ఉస్తాద్ మన్సూర్. ఇతనికి చక్రవర్తి నాదిర్-ఉల్-అసర్ (యుగానికి అపూర్వుడు) అనే బిరుదునిచ్చాడు.

1612లో ముకర్రబ్ ఖాన్ గోవా నుండి తెచ్చిన వింతలలో టర్కీ కోడి ఉన్నది. దాని తల, మెడ ఊసరవెల్లివలె రంగులు మారడాన్ని జహాంగీర్ వివరంగా వ్రాశాడు. 1619లో ఇరాన్ రాజు షా అబ్బాస్ పంపిన డేగ దారిలో పిల్లి కరవడం వలన గాయపడి కొద్దిరోజులకే చనిపోయింది. దాని రూపమైనా మిగలాలని మన్సూర్‌చేత చిత్రం వేయించాడు. 1620లో కాశ్మీరు పూలను మన్సూర్ నూరుకు పైగా చిత్రించాడు. 1621లో ఆఫ్రికా నుండి వచ్చిన జీబ్రాను చూసినవారు చారలు ఎవరో రంగువేసినవి కావచ్చునని అనుమానించారు. పరీక్షించి సహజమైనవేనని నిర్ధారించుకున్నాక మన్సూర్ దానిని చిత్రించాడు. ఆ జీబ్రాను షా అబ్బాస్‌కు కానుకగా పంపారు. చిత్రం లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నది.

మన్సూర్ చిత్రించిన సైబీరియా కొంగ చిత్రం కోల్‌కతాలో ఉన్నది. ఈ పక్షికి ఐరోపా శాస్త్రజ్ఞుడు పల్లాస్ శాస్త్రీయ నామం పెట్టినది 1773లో, అంటే ఈ చిత్రం వేసిన సుమారు నూటయాభై ఏళ్ళకు. మన్సూర్ వేసినదిగా భావించబడే డోడో పక్షి చిత్రం రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్నది. డోడో ఆ శతాబ్దం ముగిసేలోపే అంతరించిపోయింది. సజీవమైన పక్షిని చూసి వేసిన రంగుల చిత్రాలు బహుకొద్ది కావడం వలన దీనికి చాలా విలువ ఉన్నది.

ప్రతిజ్ఞ

యాభై ఏళ్ళు దాటిన తరువాత తుపాకి, బాణం వదిలిపెట్టి తన చేతితో ఏ ప్రాణికీ హాని చేయనని జహాంగీర్ దేవునికి మ్రొక్కుకున్నాడు. 1618 ప్రాంతంలో మనుమడు షా షుజా మూర్ఛవ్యాధితో ప్రాణాపాయస్థితిలో పడినపుడు ఆ మ్రొక్కును తలచుకొని అమలులో పెట్టాడు. బాలుడు కోలుకున్నాడు.

1619లో మథుర సమీపంలో ప్రజలను బాధిస్తున్న పులి ఉన్నదని తెలిసి చక్రవర్తి అక్కడకు వెళ్ళాడు. ప్రతిజ్ఞ ఉన్నందున తాను కాల్చక నూర్జహాన్‌ను కాల్చమన్నాడు. పులి వాసనకు ఏనుగు స్థిమితంగా నిలవకపోయినా, అంబారీ నుండి ఆమె ఒకే గుండుతో పులిని పడగొట్టింది. అంతకు రెండేళ్ళ క్రితమే ఆమె ఆరు గుండ్లతో నాలుగు పులులను చంపినది. ప్రతిజ్ఞ చక్రవర్తి చేతికి మాత్రమే వర్తించింది గాని వేటకు వర్తించలేదని దీనివలన తెలుస్తున్నది. చేతికి కూడా అది శాశ్వతం కాలేదు. జీవితపు చివరిలో ఇతడు మరల తుపాకి పట్టాడు.

చివరి దినాలు

1622 నుండి షాజహాన్ తిరుగుబాటు, 1626లో సేనాని మహబత్ ఖాన్ చేతిలో నిర్బంధం, మద్యం, నల్లమందు, ఉబ్బసం ఇతనిని కృంగదీశాయి. 1627లో కాశ్మీరు నుండి లాహోరుకు తిరిగివస్తూ బైరంకలా అనే తన ప్రియమైన వేటస్థలంలో ఆగాడు. కొండపైకి జింకలను తోలుతుంటే క్రింద కూర్చుని తుపాకితో కాల్చడం అక్కడి పద్ధతి. జింకను తరుముతున్న ఒక కాలిభటుడు కాలుజారి కొండచరియ నుండి పడి చక్రవర్తి కళ్ళ ఎదుట మరణించాడు.

ఈ దృశ్యం ఇతనిని మిక్కిలి కలవరపెట్టిందని ముతమిద్ ఖాన్ తన చరిత్ర గ్రంథంలో వ్రాశాడు. భటుని తల్లిని పిలిపించి ధనమిచ్చి ఓదార్చినా చక్రవర్తి మనసు కుదుటపడలేదు. మృత్యుదూతయే ఆ రూపంలో కనిపించినట్లు భావించి అప్పటినుండి విశ్రాంతి లేకుండా గడిపాడు. పదిహేడేళ్ళ క్రితం వేట చెదిరిందని సేవకుణ్ణి చంపించిన మనిషి ఇతడే. దారిలో మద్యం అడిగి మ్రింగలేకపోయాడు. కొద్ది గంటలలోనే, అక్టోబరు 28న మరణించాడు. లాహోరు సమీపంలోని షాహ్‌దరాలో సమాధి చేశారు.

ప్రాముఖ్యత

జహాంగీర్ వ్రాతల శాస్త్రీయ విలువను ఆధునిక కాలంలో గుర్తించినవారిలో పక్షిశాస్త్రవేత్త సలీం అలీ ముఖ్యుడు. మొఘల్ చక్రవర్తులను ప్రకృతి పరిశీలకులుగా, వేటగాళ్ళుగా వివరిస్తూ ఆయన 1927, 1928లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వ్యాసాలు ప్రచురించాడు. 1968లో ఎం.ఏ. ఆల్వీ, ఏ. రహమాన్ జహాంగీర్ పరిశీలనలపై ప్రత్యేక గ్రంథాన్ని వెలువరించారు.

జహాంగీర్ దినచర్యలో మామూలుగా కనిపించే ప్రాణులు కొన్ని తరువాతి కాలంలో కనుమరుగయ్యాయి. అక్బర్ వేలకొద్దీ సేకరించిన చీతా భారతదేశంలో అంతరించినట్లు 1952లో ప్రకటించబడింది. 2022లో నమీబియా నుండి చీతాలను తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కునోలో విడిచిపెట్టారు. ఉత్తరభారతమంతటా ఉండిన సింహం గుజరాత్‌లోని గిర్ ప్రాంతానికి పరిమితమైంది. సైబీరియా కొంగ 2002 తరువాత భరత్‌పూర్‌కు రావడం మానేసింది. ఇవి ఒకప్పుడు ఎక్కడెక్కడ ఉండేవో, ఎలా జీవించేవో చెప్పగల సాక్ష్యాలు కొద్ది. ఆ సాక్ష్యాలలో ఒకటి పదిహేడు వేల ప్రాణులను చంపిన చేతి వ్రాతయే కావడం చరిత్రలోని వైచిత్రి.